నాలుగు గడుల్లో బడి ప్రవేశం: కాలిఫోర్నియా అఫిడవిట్ పనితనం

అమెరికాలో ప్రభుత్వ బడి సీటు చిరునామాను బట్టి వస్తుంది. కాలిఫోర్నియా విద్యా చట్టం 48200 సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులో, చట్టబద్ధ గార్డియనో ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ పరిధిలో ఉంటే పిల్లలు అక్కడి బడికే వెళ్లాలి. ఇంటిపన్ను రసీదో, అద్దె ఒప్పందమో, కరెంటు బిల్లో చూపిస్తే నివాసం రుజువైపోతుంది. తల్లి ఆస్పత్రిలోనో జైల్లోనో ఉండి, తండ్రి జాడ తెలియక, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే మాత్రం చిక్కు మొదలవుతుంది. ఆ ఇంటి కరెంటు బిల్లు అమ్మమ్మ పేరున ఉంటుంది. చట్టం దృష్టిలో ఆమె తల్లీ కాదు, గార్డియనూ కాదు. కోర్టు నుంచి గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలంటే దరఖాస్తులు, విచారణలు, వాయిదాలు తప్పవు. అంతదాకా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టలేం.

ఈ చిక్కును విప్పడానికి ఆ రాష్ట్రం 1994లో ఒక చిన్న పత్రాన్ని తయారుచేసింది. దాని పేరు ‘కేర్‌గివర్స్ ఆథరైజేషన్ అఫిడవిట్’. కుటుంబ చట్టంలో 6550 నుంచి 6552 వరకు ఉన్న సెక్షన్లు దానికి ఆధారం. మూడు దశాబ్దాలు నడిచిన ఆ తొలి రూపాన్ని గడి గడిగా చదివితే, రాసినవాళ్లు ఎంత ఆలోచించి రాశారో అర్థమవుతుంది.

మొదటి తెలివి ఫారాన్ని ఉంచిన చోటులోనే ఉంది. దాని నమూనాను చట్టంలోనే అచ్చువేశారు. తర్వాత ఏ అధికారో తయారుచేస్తారులే అని వదిలేయలేదు. కాబట్టి ఏ డిస్ట్రిక్ట్ గుమస్తా అయినా సొంతంగా ఇంకో నాలుగు షరతులు చేరుస్తానంటే చెల్లదు.

ఇక గడులు. బడిలో చేర్చడానికి నింపాల్సినవి నాలుగే: పిల్ల పేరు, పుట్టిన తేదీ, పెంచుతున్నవారి పేరు, వాళ్ల ఇంటి చిరునామా. పైన ఒకే వాక్యం ఉంటుంది: ఈ పిల్ల నా ఇంట్లో ఉంటోంది, నాకు 18 ఏళ్లు నిండాయి అని. తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, నోటరీ ముద్ర అక్కర్లేదు, కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు. బంధుత్వం కూడా అడగరు. పక్కింటావిడ పెంచుతున్నా ఆ నాలుగు గడులు నింపి, సంతకం చేసి పిల్లను బడిలో చేర్చవచ్చు. పెంచుతున్న మనిషికి ఎవరినీ అడగకుండా, ఏ కాగితమూ వెతక్కుండా తెలిసే సంగతులు ఇవే. ఫారం అంతకు మించి అడగదు.

బడికి సంబంధించిన వైద్యం దాటి మిగతా వైద్యానికి అనుమతి ఇవ్వాలంటే 5 నుంచి 8 వరకు గడులు కూడా నింపాలి. అక్కడ బంధుత్వం అవసరమవుతుంది, గుర్తింపు సంఖ్య అవసరమవుతుంది. ఆపరేషన్‌కు ఒప్పుకోవడం బడిలో పేరు రాయించడం కంటే బరువైన పని కదా. పని బరువు పెరిగినకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి, అంతకుముందు పెరగవు. నాకు ఈ పత్రంలో అన్నిటికంటే నచ్చింది ఈ కొలతే.

ఆరో గడి దగ్గర కాసేపు ఆగాలి. వైద్యం చేయిస్తానని తల్లిదండ్రులకు చెప్పాను, వాళ్లు అభ్యంతరం చెప్పలేదు అన్నది ఒక మాట. వాళ్లను సంప్రదించలేకపోతున్నాను అన్నది ఇంకో మాట. ఒకటైనా, రెండూ అయినా టిక్కు పెట్టవచ్చు. ఒకరికి చెప్పి, రెండోవాళ్లు దొరక్కపోతే రెండూ పెట్టవచ్చని ఉదాహరణ కూడా అక్కడే ఇచ్చారు. తల్లి ఫోనుకు దొరికి, తండ్రి ఎక్కడున్నాడో తెలియని ఇళ్లను చూసినవాళ్లే ఈ గడి రాయగలరు. బంధువుల నిర్వచనంలోనూ అదే చూపు ఉంది. తాతమ్మలు, ముత్తాతలు, సవతి తోబుట్టువులు అందరూ అందులో ఉన్నారు. వాళ్ల భార్యాభర్తలూ ఉన్నారు, పెళ్లి విడాకులతోనో మరణంతోనో ముగిసినా సరే. మేనమామ పోయాక కూడా అత్తయ్య బంధువుగానే లెక్క.

సంతకానికి పైనే హెచ్చరిక ఉంది: పై మాటల్లో ఏది తప్పైనా సంతకం చేయొద్దు, చేస్తే నేరం. అడగడం తక్కువైనా, అడిగినదానికి పూచీ గట్టిగా తీసుకున్నారు.

బల్లకు అవతల కూర్చున్నవాళ్లనూ మరిచిపోలేదు. పత్రాన్ని నమ్మి మంచి మనసుతో పని చేసినవాళ్లు ఇంకే విచారణా చేయనక్కర్లేదు, వాళ్ల మీద దావా కూడా నిలవదు. గుమస్తాకు భయం పోతే అదనపు కాగితాలు అడగాల్సిన అవసరమూ పోతుంది. విద్యా చట్టం 48204 ప్రకారం నివాసానికి ఈ పత్రమే చాలిన ఆధారం. పిల్ల అక్కడ ఉండటం లేదని వాస్తవాల మీద డిస్ట్రిక్టే తేల్చితే తప్ప కాదనడానికి లేదు. పెంచుతున్నవారు ఆ చిరునామాలో ఉంటున్నారా అని మాత్రం సబబైన రుజువు అడగవచ్చు. దానికి అమ్మమ్మ కరెంటు బిల్లు పనికొస్తుంది.

ఇన్ని చేసీ తల్లిదండ్రుల హక్కును తాకలేదు. ఈ పత్రంతో కస్టడీ రాదని ఫారం మీదే రాశారు. వైద్యం విషయంలో పెంచుతున్నవారి నిర్ణయం ఒకటై, తల్లిదండ్రులది వేరైతే, పిల్ల ప్రాణానికీ ఆరోగ్యానికీ ముప్పు లేనంతవరకు తల్లిదండ్రుల మాటే చెల్లుతుంది. పిల్ల ఆ ఇల్లు వదిలి వెళితే బడికీ, వైద్యులకూ తెలియజేయడం పెంచినవారి బాధ్యత. 2025లో వచ్చిన సవరణ బంధువుల పరిధిని ఇంకా పెంచింది.

మన విద్యాహక్కు చట్టం (2009) కూడా బిడ్డ సంరక్షణ చూస్తున్నవారిని సంరక్షకులుగా గుర్తించింది. మన ఊళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు, పెద్దమ్మలు పెంచే పిల్లలకు అది పెద్ద అండ. కానీ ఆ హక్కును హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి చూపించే నమూనా కాగితం ఆ చట్టంలో లేదు. దాన్ని రాయడానికి కూర్చునేవాళ్లు ముందు ఈ కాలిఫోర్నియా పత్రాన్ని చదవాలి. ప్రతి గడి దగ్గరా ఆగి, ఇది అడగకపోతే బిడ్డకు కలిగే నష్టమేమిటో చెప్పుకోవాలి. జవాబు రాని గడిని కొట్టేయాలి.