వేడిమిని చూచు కన్ను

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములచే పరీక్షింపవలెనని మన ప్రాచీన వైద్యులు విధించిరి. ఆ మూడింటిలో స్పర్శనమునకు చెందిన జ్ఞానమును దర్శనమునకు అప్పగించిన సాధనము పరారుణ కెమెరా. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఎఱుపునకు ఆవల, కంటికి ఏ వెలుగును కానరాని చోట ఉష్ణమాపకము నుంచగా, అది రంగులన్నిటిలోకంటె నెక్కువ వేడిమిని చూపెను. ఆ అదృశ్య పరారుణ కిరణములలో దీర్ఘతరంగములగు వానిని మన చర్మమును రాత్రింబవళ్లు వెదజల్లుచుండును. సామాన్యమైన గాజు వానిని పోనీయదు గనుక ఈ కెమెరాకు జర్మేనియపు కటకము నమర్చుదురు.

తెరపై కనబడు ఎఱుపు, పసుపు, నీలములు ఉష్ణోగ్రతలకు మనము పెట్టుకొన్న గుర్తులు మాత్రమే. కెమెరా చూచునది చర్మమునే గాని లోపలి అవయవములను కాదు. ఎండనబడి వచ్చినను, కాఫీ త్రాగినను, లేపనము పూసికొన్నను చిత్రము మారిపోవును. అందుచేత నిపుణులు రోగిని చల్లని గదిలో కొంతసేపు ఊరక కూర్చుండబెట్టి, దేహము కుదుటపడిన పిమ్మటనే చిత్రము తీయుదురు. ఈ విద్యలో నాకు మిక్కిలి గౌరవము కలిగించినది ఆ ఓపికయే.

ఒక మధుమేహ చికిత్సాలయమున ఈ పరీక్షను చూచితిని. నరములు మొద్దుబారిన పాదమునకు నొప్పి తెలియదు. తెలియనందున లోపల కణజాలము నలిగి వాచుచున్నను, పుండు పడువరకు ఆ మనిషి నడుచుచునే యుండును. వాచినచోట రక్తప్రసారము హెచ్చి చర్మము వేడెక్కును. అయితే ఎంత వేడి యెక్కువ? ఒక్కొక్కరి పాదము ఒక్కొక్క తీరున నుండును గనుక ఎడమపాదమునకు ఆ మనిషి కుడిపాదమే ప్రమాణము: రెండింటను ఒకేచోట సుమారు 2.2 సెల్సియస్ డిగ్రీల భేదము నిలిచి కనబడినచో వైద్యులు దానిని అపాయసూచనగా నెంతురు. పరుల సగటుతో గాక, దేహమును దేహముతోనే తూచు ఈ పద్ధతి నాకు న్యాయముగా తోచినది.

రొమ్ము క్యాన్సరుకు ఈ చిత్రమే చాలును, మామోగ్రాము అక్కరలేదనువారి మాట మాత్రము నేనంగీకరింపను. 1956లో మాంట్రియల్ వైద్యుడు రే లాసన్ కణితిపై చర్మము వేడెక్కుటను గుర్తించిన మాట నిజమే. కాని వేడెక్కని కణితులును కలవు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థయు ఇది మామోగ్రామునకు బదులు కాజాలదని స్పష్టముగా హెచ్చరించినది.

మధుమేహముగల పాఠకులారా, కెమెరా లేకున్నను ప్రతిదినము మీ పాదములు చూచుకొనుడు. ఇంటివారిచే రెండు పాదములను తాకించి పోల్పించుకొనుడు. ఒకటి వేడిగా నున్నచో, నొప్పి లేదుగదా యని ఊరకుండక, వెంటనే వైద్యునికి చూపుడు.