పట్టేవాడి పద్దు

పోయిన ఆదివారం పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక పల్లెలో తిరునాళ్ళ కబడ్డీ పోటీలు చూడబోయినాను. ఊరి పేరు రాయను, వచ్చే ఏడు కూడా పిలవాలి కదా. ఆట బాగుంది. మజ్జిగ ఇంకా బాగుంది. ఒళ్ళు మండింది బహుమతుల దగ్గర. ఎక్కువ పాయింట్లు తెచ్చిన కూతగాడికి శాలువా, టేబుల్ ఫ్యాను, మైకులో అయిదు నిమిషాల పొగడ్త. ఫైనల్లో ఎడమ మూలన నిలబడి, వచ్చినోణ్ణి వచ్చినట్టు కాలు దొరకబుచ్చుకొని కూలేసిన పిల్లోడికి ఒక స్టీలు డబ్బా. అది కూడా పేరు తప్పు చదివి ఇచ్చినారు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత గోల తెలిసిందే. నాదస్వరానికి కప్పే శాలువా డోలుకు కప్పరని ఎన్నిసార్లు రాసినానో. టమోటా ధరల మీద కన్నా డోలు మీదే ఎక్కువ రాస్తావని మదనపల్లె మిత్రులు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. కబడ్డీలో డోలు వాయించేది పట్టేవాడే అని నా నమ్మకం. ఇంటికొచ్చి ఆ కోపమంతా డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు మీద ఫోన్లో వెళ్ళగక్కినాను. "మామా, నువ్వు ఒకసారి ఆరన్ డోనాల్డ్‌ను చూడాల" అని వాడు ఆ అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడి వీడియోలు పంపినాడు.

అమెరికా ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడ్డానికి అయిదుగురు పహిల్వాన్లు అడ్డం నిలబడతారు. వాళ్ళకు ఎదురుగా, చెయ్యి నేలకానించి వంగి కాచుకొని ఉండే ముగ్గురో నలుగురో డిఫెన్సివ్ లైన్‌మెన్. బంతి కదిలిన మరుక్షణం ఆ గోడను చీల్చుకొని పోయి క్వార్టర్‌బ్యాక్‌ను పడెయ్యాల. దొరికే సమయం రెండున్నర, మూడు సెకన్లు. మన కూతకు ముప్పై సెకన్లు.

డోనాల్డ్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, బరువు 130 కిలోలకు అటూ ఇటూ. మన కంటికి కొండ. వాళ్ళ లైన్ నడిమధ్యలో ఆడేవాళ్ళతో పోలిస్తే పొట్టోడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకొనే 2014 డ్రాఫ్ట్‌లో పన్నెండు మందిని తీసుకున్నాక గానీ వాడి వంతు రాలేదు. తీసుకున్నది రామ్స్ జట్టు, అప్పటికి సెయింట్ లూయిస్‌లో ఉండేది. (అదే ఏడు జూలైలో మన ప్రో కబడ్డీ కూడా మొదలైంది.) పదేళ్ళు ఆడినాడు, పదేళ్ళూ మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కు ఎంపికైనాడు. 2017, 2018, 2020ల్లో అక్కడి లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెండర్. చాలాసార్లు ఇద్దరు కలిసి వాణ్ణి ఒక్కణ్ణి ఆపుతుండేవాళ్ళు. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా కూల్చడాన్ని అక్కడ శాక్ అంటారు. వాడి లెక్కలో 111 శాక్‌లు ఉన్నాయి.

వీడియోలో నేను చూసింది చేతులు. ఎదుటోడి చెయ్యి ఛాతీకి తగలకముందే తోసేసి, భుజం కిందికి దించి సందులో దూరతాడు. చూపు మాత్రం ఎదుటోడి ముఖం మీద లేదు, బంతి మీద ఉంది. అది చూడగానే మా చిన్నాయన కళ్ళ ముందుకొచ్చినాడు.

చిన్నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో హమాలీ. పొద్దున పెట్టెలు మోసి, సాయంత్రం బస్సెక్కి వచ్చి ఆడేవాడు. కుడి మూల ఆయనది. చేలూరు, బాగేపల్లి నుంచి కర్ణాటక జట్లు వచ్చేవి. బి.కొత్తకోట, ములకలచెరువు వాళ్ళు సరేసరి. మ్యాట్లు ఎక్కడివి? వానల్లేని ఏడు చెరువు ఎండితే ఆ బయలే బరి, సున్నంతో గీతలు. వానల్లేని ఏళ్ళకు మాకెప్పుడూ కరువు లేదు కాబట్టి కబడ్డీకీ కరువు రాలేదు.

ఆయన కూతగాడి ముఖం చూసేవాడు కాదు. "ముఖం అబద్ధం ఆడతాది రా, నడుం ఆడలేదు" అనేవాడు. చూపు నడుం మీద పెట్టి, బరువు ఏ కాలి మీద పడిందో కనిపెట్టి, రెండో కాలు పట్టుకోవాల. బరువున్న కాలు పట్టుకుంటే అది మనల్నే ఈడ్చుకొని గీత దాటిపోతాది. పట్టినాక వదలొద్దని అందరూ చెప్తారు, అదేమంత విద్య కాదు. ఆయన నేర్పింది పట్టకుండా ఉండడం. కూతగాడు ఊరించడానికి కాలు చాస్తాడు. చేతికి అందేటట్టే ఉంటాది. ఒక్కడు ఆశపడి ముందుకు దూకితే పక్కోడికీ వాడికీ మధ్య సందు పడతాది, ఆ సందులోంచి ఇద్దర్ని తట్టుకొని పోతాడు. అందుకని చిన్నాయన చాలాసేపు ఊరికే నిలబడి ఉండేవాడు, పక్కోడి చెయ్యి పట్టుకొని. ఆయన ఆట చూడ్డానికని పోయిన మా పిల్లోళ్ళకు మొదట్లో విసుగొచ్చేది. చిన్నాయన ఈ రోజు ఎవర్నీ పట్టలేదేంరా అనుకొనేవాళ్ళం. కూతకొచ్చినోడు మూడుసార్లు ఉత్తచేతులతో తిరిగిపోయినాడని మాకెవరూ చెప్పలేదు.

నలభై దాటకముందే ఆయన కుడి మోకాలు పోయింది. పెళ్ళిళ్ళలో అందరూ కింద బంతిలో కూర్చుంటే ఆయనకొక్కడికి కుర్చీ వేసేవాళ్ళు. అది మర్యాద అనుకొని బంధువులు కొందరు ముఖం మాడ్చుకోవడం కూడా నేను చూసినాను.

మళ్ళీ అమెరికాకు పోదాం. డోనాల్డ్ కన్నా యాభై ఏళ్ళకు పైగా ముందు, అదే రామ్స్ జట్టులో డీకన్ జోన్స్ అని ఉండేవాడు. 1961లో పద్నాలుగో రౌండులో, అంటే ఎవరికీ అక్కర్లేనప్పుడు తీసుకున్నారు. ఎదుటోడి తల మీద అరచేత్తో చరిచి, వాడు కళ్ళు మూసి తెరిచేలోగా దాటిపోయేవాడు. 1977లో లీగ్ ఆ దెబ్బను నిషేధించింది. శాక్ అన్న పేరు పెట్టింది కూడా జోన్సే అంటారు. పేరు పెట్టినోడి పేరున అధికారికంగా ఒక్క శాక్ కూడా లేదు! లీగ్ వాటిని ఆటగాడి పద్దులో రాయడం మొదలుపెట్టింది 1982లో. ఆయన 1974లోనే మానేసినాడు. తర్వాతెప్పుడో పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి 173.5 అని తేల్చినారు. ఇదే కదా నేను మొత్తుకొనేది! పద్దు రాయరు, అందుకే పైసలు రావు, అందుకే స్టీలు డబ్బా.

పద్దు మొదలైనాక పైసలు నిజంగానే వచ్చినాయి. 2018లో డోనాల్డ్‌తో రామ్స్ ఆరేళ్ళకు 13.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకొంది. అదే 2018లో ప్రో కబడ్డీ వేలంలో మొట్టమొదట కోటి రూపాయలు పలికింది కూతగాడు కాదు, ఇరాన్ నుంచి వచ్చిన ఎడమ మూల ఆటగాడు ఫజల్ అత్రాచలి. మన తెలుగు టైటాన్స్ మాత్రం 2023లో పవన్ సెహ్రావత్ అనే కూతగాడి మీద 2.6 కోట్లకు పైన పెట్టింది, అది మన అలవాటు.  

నా పోరాటం గెలిచినట్టే అని ఫోన్ పెట్టెయ్యబోతుంటే మా వాడు ఇంకో వీడియో పంపినాడు. 2002 జనవరి. మైఖేల్ స్ట్రాహాన్ అనే డిఫెన్సివ్ లైన్‌మన్‌కు ఒక సీజన్ శాక్‌ల రికార్డు కొట్టడానికి ఇంకొక్క శాక్ కావాల. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ బంతి పట్టుకొని కాస్త పక్కకు పరిగెత్తి, స్ట్రాహాన్ ముందు తనంతట తనే మెత్తగా కూలబడినాడు. 22.5 పూర్తయింది. వాళ్ళిద్దరూ స్నేహితులు. కావాలని ఇచ్చిన కానుక అని అక్కడ ఇప్పటికీ గొడవే.

"ఇంకొకణ్ణి చూడు" అని విన్స్ విల్‌ఫోర్క్‌ను చూపించినాడు. న్యూ ఇంగ్లండ్ జట్టులో నడిమధ్య నిలబడిన భారీ మనిషి. లీగ్‌లో మొత్తం పదమూడు సీజన్లు ఆడినాడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ రెండుసార్లు గెలిచినాడు. శాక్‌లు మొత్తం కలిపి 16. ఒక్క ఏడాదిలో స్ట్రాహాన్ తెచ్చినన్ని కూడా లేవు. విల్‌ఫోర్క్ పని ఇద్దర్ని తన మీదికి లాక్కొని కదలకుండా నిలబడడం. వాడి వెనకాల ఉన్నోళ్ళు స్వేచ్ఛగా పోయి పట్టుకొనేవాళ్ళు, పద్దు వాళ్ళకు పడేది.

అక్కడ నాకు ఆదివారం ఆట కళ్ళ ముందు మళ్ళీ తిరిగింది. ఆ ఎడమ మూల పిల్లోడు వచ్చినోణ్ణి వచ్చినట్టు పట్టినాడని రాసినాను. నిజమే. కానీ వాడు దూకినా కూతగాడు దొరకని మూడు సందర్భాల్లో పక్కనున్న కవర్ పిల్లోడు ఔటైనాడు. చిన్నాయన దాన్ని పట్టు అనేవాడు కాదు. ఇప్పుడు టీవీలో టాకిల్ పాయింట్ల పట్టిక చూసి పెరిగిన పిల్లోళ్ళు మూలన నిలబడడం లేదు, కూతగాడు గీత దాటగానే మీదికి ఉరుకుతున్నారు. చేతులు చేతులు పట్టుకొని గొలుసుగా కదిలేది తగ్గిపోయింది. ఉత్తచేతులతో పంపిన కూతకు ఎవరి పద్దులోనూ ఏమీ పడదు కాబట్టి దాని కోసం ఎవడు కాచుకొంటాడు? ఉత్తమ పట్టుగాడికి కూడా పెద్ద బహుమతి పెట్టాలని కమిటీకి ఉత్తరం రాసి పెట్టినాను. పంపలేదు. పంపను కూడా.

ఇదే మాట మా వాడితో అని, డోనాల్డ్ ఆఖరి గొప్ప పట్టు చూడమన్నాను. 2022 ఫిబ్రవరి, సూపర్ బౌల్. ఒక నిమిషం కూడా లేదు, ఎదుటి బెంగాల్స్ జట్టుకు ఆఖరి అవకాశం, ఒక్క గజం కావాల. డోనాల్డ్ దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్ జో బర్రోను చుట్టేసి గిర్రున తిప్పినాడు. పడేలోపు బర్రో బంతిని విసిరేసినాడు, అది ఎవరికీ అందలేదు. రామ్స్ 23-20తో గెలిచింది. బంతి చేతిలోంచి పోయింది కాబట్టి అది శాక్ కాదు, శాక్‌ల పద్దులో లేదు.

మా వాడు ఒప్పుకోలేదు. "ఆ లెక్కలు లేకపోతే 2018లో అంత డబ్బు ఎవరిస్తారు మామా? డబ్బు లేకపోతే 2024లో ముప్పై రెండేళ్ళకే చాలు అని ఇంటికెట్లా పోతాడు?" అన్నాడు. జవాబు చెప్పబోతే చిన్నాయన మోకాలు అడ్డం వస్తా ఉంది. ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేసినాను.