‘జనంలోకి’ అనే మాట

2023లో కేంద్ర ప్రభుత్వం విజ్ఞాన్ ప్రసార్‌ని మూసేసింది. 1989లో మొదలైన సంస్థ. సైన్సు గురించి మామూలు పాఠకులకి చెప్పడమే దాని పని. పుస్తకాలు వేసింది, రేడియో, టీవీ కార్యక్రమాలు చేసింది, ‘డ్రీమ్ 2047’ అనే మాసపత్రిక నడిపింది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఉన్న ఒక ప్రచురణ సంస్థ ఆగిపోతే మన సాహిత్య పత్రికల్లో చిన్న నివాళి కూడా నాకు కనబడలేదు. ఎందుకా అని ఆలోచిస్తే, అలాంటి పుస్తకాలని మనం అసలు వచనంగా ఎప్పుడూ చదవలేదని తోచింది. సర్కారు డబ్బుతో అచ్చయినంత మాత్రాన వచనం విమర్శకి అతీతమూ కాదు, అనర్హమూ కాదు.

ఈ వ్యవహారానికంతా ప్రభుత్వ తెలుగులో ఒక మాట స్థిరపడిపోయింది: ‘సైన్సుని జనంలోకి తీసుకెళ్ళడం’. సైన్సు ఎక్కడో ఉంది, జనం ఇంకెక్కడో ఉన్నారు, మధ్యలో ఒక జీపు. పథకాలనీ ఇలాగే తీసుకెళతారు, పోలియో చుక్కలనీ ఇలాగే. జీపు తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చిందని అడిగే కాగితం ఉండదు. ఎన్ని ఊళ్ళు తిరిగారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు, అంతే లెక్క. నిధులు ఆ లెక్క మీద వస్తాయి కాబట్టి వచనం కూడా ఆ లెక్కకి తగ్గట్టే తయారవుతుంది. ‘రూపొందించబడింది’, ‘ప్రయోగించబడింది’, ‘సాధించబడింది’. చేసినవాడు కనబడడు. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్.ఎల్.వి-3 బంగాళాఖాతంలో పడింది. నన్నడిగితే అక్కడ ఒక అధ్యాయం ఉండాలి: ఏం తప్పింది, ఎలా కనుక్కున్నారు, ఆ రాత్రి అక్కడ వాళ్ళంతా ఏమనుకున్నారు. ఈ తరహా పుస్తకాల్లో అది 1980 విజయానికి పోయే దారిలో ఒక వాక్యం. విజ్ఞాన్ ప్రసార్ వేసినవన్నీ ఇలాంటివే అనను. కానీ ప్రభుత్వ సైన్సు వచనం అనగానే నా చెవిలో మోగేది ఈ ‘బడింది’ మోతే.

సర్కారు డబ్బు తగిలితే వచనం చస్తుందని తేల్చేద్దామంటే పెరెల్మాన్ అడ్డొస్తాడు. మన తరాలు రెండు మూడు సైన్సుని ఇష్టపడ్డాయంటే మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో కారుచవగ్గా దొరికిన తెలుగు పుస్తకాల పుణ్యం చాలానే ఉంది. అనువాదకుల జీతం నుంచి ఓడ కిరాయి దాకా ఖర్చు సోవియట్ ప్రభుత్వానిది. ఆ ఖర్చు ఎందుకు పెట్టేవారో అందరికీ తెలుసు, దాపరికమేం లేదు. అయినా పెరెల్మాన్ పేజీ తిప్పితే ఏముంటుంది? పచ్చి గుడ్డూ ఉడికిన గుడ్డూ పక్కపక్కన పెట్టి, పగలగొట్టకుండా ఏది ఏదో చెప్పమంటాడు. చదివే పిల్లాడు వంటింట్లోకి పోతాడు, గుడ్డుని బొంగరంలా తిప్పుతాడు. హెచ్.జి. వెల్స్ అదృశ్య మానవుణ్ణి పట్టుకుని, కంటితో సహా మొత్తం పారదర్శకమైతే వాడికి లోకం ఎలా కనబడుతుందయ్యా అంటాడు. ఒక నవలని భౌతికశాస్త్రంతో విమర్శించడం అది. మా విమర్శకులం నేర్చుకోదగ్గది. ఈ పుస్తకం మొదట వచ్చింది 1913లో, ఆ ప్రభుత్వం పుట్టకముందు. (ఆయన 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో పోయాడు.) తర్వాత వచ్చిన ప్రభుత్వం కాగితం కొంది, అచ్చు వేసింది, మన దాకా పంపింది. వాక్యం జోలికి మాత్రం పోలేదు, అదే మన అదృష్టం.

మన ప్రభుత్వాలు ఇలాంటి పని అసలు చెయ్యలేదా అంటే, చేశాయి, చేసి కంగారు పడ్డాయి. 1987లో భారత జన విజ్ఞాన జాతా అయిదు దిక్కుల నుంచి బయల్దేరి భోపాల్‌లో కలిసింది. విషవాయువు వెలువడి అప్పటికి మూడేళ్ళు. కేంద్ర సైన్సు శాఖ డబ్బు సాయం చేసింది, పాటలు పాడిందీ నాటకాలాడిందీ స్వచ్ఛంద కార్యకర్తలు. ఆ కదలికలోంచే ఆ తర్వాతి అక్షరాస్యతా ఉద్యమానికి మనుషులు వచ్చారు. నెల్లూరు జిల్లాలో 1991లో అది ఊపందుకుంది. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. కూలి డబ్బంతా మగాడి సారాకి పోతోందన్న మాటని ఆడవాళ్ళు ముందు అక్షరాల్లో చూసుకున్నారు, 1992లో దూబగుంటలో దుకాణం ముందుకొచ్చి నిలబడ్డారు. వాచకానికి డబ్బిచ్చిందీ, సారా మీద రాబడి తిన్నదీ ప్రభుత్వమే. 1993 అక్టోబరులో సారా నిషేధించాల్సి వచ్చింది.

ఇది సైన్సెలా అవుతుందని ఎవరైనా అడగొచ్చు. ఇంటి లెక్క వేసి, కారణం వెతికి, రుజువు చూపించి నిలదీయడం సైన్సు కాకపోతే రాకెట్టు బొమ్మ చూసి చప్పట్లు కొట్టడం మాత్రం ఎలా సైన్సవుతుంది?

ఇంకోటి 2010 నాటిది. బీటీ వంకాయని పొలాల్లోకి వదలాలా వద్దా అని పర్యావరణ శాఖ ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టింది. హైదరాబాద్ వాటిలో ఒకటి. రైతులూ శాస్త్రవేత్తలూ విత్తనాల కంపెనీల వాళ్ళూ ఒకే హాల్లో. అరుపులకేం తక్కువ లేదు. ఫిబ్రవరి 9న మంత్రి జైరాం రమేష్ దాన్ని ఆపేశారు. సైన్సు విషయం గుంపులో తేలుతుందా అని చాలామంది శాస్త్రవేత్తలకి కోపం వచ్చింది. వాళ్ళ బాధ ఉత్తదేం కాదు. వంకాయలో విషం ఉందో లేదో చేతులెత్తించి తేల్చలేం. కానీ పరీక్ష కంపెనీయే చేయించుకుంటే ఎవరు నమ్మాలి, వచ్చే ఏడు విత్తనం ఎవరి దగ్గర కొనాలి, ఇవి ప్రయోగశాలలో తేలే ప్రశ్నలు కావు. నిర్ణయంతోపాటు వచ్చిన ఉత్తరాలూ వాదాలూ కూడా అనుబంధాలుగా బయటపెట్టారు. సర్కారు అచ్చేసిన సైన్సు కాగితాల్లో నేను ఒక నవల చదివినట్టు చదివింది అదొక్కటే. ఒకరి మాట ఇంకొకరి మాటకి అడ్డం పడుతుంది, ‘బడింది’లు తక్కువ, కోపాలు ఎక్కువ. ఇంగ్లీషులో ఉందనేదే నా ఫిర్యాదు.

విజ్ఞాన్ ప్రసార్ పుస్తకాలు ఇకమీదట పాత పుస్తకాల గుట్టల్లోనే ఎక్కువగా కనబడతాయేమో. కోఠీలో దొరికితే కొనండి. కొని, పెరెల్మాన్ పక్కన పెట్టుకుని, రెండింటిలోనూ మొదటి పది పేజీల్లో ప్రశ్నార్థకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.