పురుషోత్తమ చౌదరి కీర్తనలలో భయము, విశ్వాసము, స్వానుభవము

తెలుగు క్రైస్తవ దేవాలయములలో ఆదివారమునాడు పాడబడు కీర్తనలలో చాల భాగము పురుషోత్తమ చౌదరి రచనలు. పాడువారిలో పెక్కుమందికి ఆ పేరు పాట చివర అచ్చయిన రెండు మాటలు మాత్రమే. వానిని వ్రాసినవాడు ఎవరు, ఏ యూరివాడు, ఏ మనఃస్థితిలో వ్రాసెను అను విచారణ సామాన్యముగా జరుగదు. పాట అందఱిదైనపుడు కవి మఱుగుపడుట సహజమే. కాని ఒడిశాలో తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ కవి పరాయివాడు కాడు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున వంగదేశపు బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. 1890లో మరణించువఱకు బోధకుడుగను కవిగను జీవించెను. నాటి గంజాము మండలము మదరాసు రాజధానిలో చేరియుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు పర్లాకిమిడి పట్టణము అటు చేరినది. ఇంటి మూలము వంగము, ఇరుగుపొరుగు ఓఢ్రము, కవితకు ఎన్నుకొన్నది తెలుగు. సరిహద్దు సీమలలో తెలుగు ఎట్లు బ్రదికినదో తెలిసికొనగోరువారికి ఈ యొక్క జీవితమే చాలును.

ఈ కీర్తనలను మెచ్చుకొనువారు తఱచుగా వాడు మాటలు రెండు: ఆత్మానుభూతి, హృదయావేదన. ఈ మాటలు ఏ భక్తకవికైనను అతుకును గనుక వీనివలన తెలియునది అల్పము. అడుగవలసిన ప్రశ్న వేఱు. ముప్పది యేండ్ల వయస్సున తాతతండ్రుల ధర్మమును విడిచిన మనిషికి భయములు లేకుండునా? ఆ భయములలో ఏవి పాటలోనికి వచ్చెను, ఏవి రాలేదు?

ఆయనకు ముందు తెలుగులో క్రైస్తవ రచన లేకపోలేదు. 1746వ సంవత్సర ప్రాంతమున బెంజమిన్ షుల్జ్ జర్మనీ దేశపు హాలే నగరమున తెలుగు మతగ్రంథములను అచ్చు వేయించెను. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగించిరి. ఆ పుస్తకము 1812లో శ్రీరామపురమున వెలువడెను. అంతకు మునుపే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అను పద్యకావ్యమును రచించియుండెను. అయితే ఒకటి బోధ, ఒకటి అనువాదము, మఱియొకటి కథాకావ్యము. ‘నేను’ అను వాడు నిలువబడి తన సంగతి తాను చెప్పుకొనుటకు వీనిలో చోటు లేదు. ఆ చోటును చౌదరి కీర్తనలో కనుగొనెను.

కీర్తన అప్పటికి పండిన ప్రక్రియ. త్యాగరాజు 1847వఱకు జీవించియుండెను; అనగా చౌదరి బాప్తిస్మము పొందునాటికి తిరువయ్యారున కృతులు పుట్టుచునే యుండెను. రామదాసు చెరసాల పాటలు ఊరూర వినబడుచుండెను. పల్లవి, అనుపల్లవి, చరణములు, రాగము, తాళము అన్నియు చౌదరికి పెరటి చెట్టు వంటివి. ఇంగ్లీషు రాగములకు తెలుగు మాటలు కూర్చుట కంటె, తెలుగు రాగములో క్రీస్తును పిలుచుట ఆయనకు సహజముగా తోచెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పాటల తలకట్టున నేటికిని రాగతాళముల పేరులు అచ్చగుట ఈ దారి పట్టిన వారి చలవయే.

ప్రక్రియతో పాటు దాని మర్యాదలును వచ్చును. భక్తుడు తన్ను తాను నీచునిగా చెప్పుకొనుటను వైష్ణవులు నైచ్యానుసంధానమందురు. ధూర్జటి శతకమున ఉన్నది అదే, రామదాసు పాటలలో ఉన్నదియు అదే. త్రాహి అను కేక, శరణు అను మాట, పాదములు పట్టుకొనుట మనకు కొత్త కాదు. కావున చౌదరి కీర్తనలో కవి తన్ను పాపిగా, ఆజ్ఞ మీరినవానిగా, సిగ్గు లేనివానిగా నిందించుకొన్నంత మాత్రమున అది స్వానుభవమని తీర్పు చెప్పుట తొందరపాటు. ఈ నిందలో సగము వారసత్వముగా వచ్చిన సొమ్ము.

మఱి సొంతమేది? రామదాసుతో ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో ఒక భేదము స్పష్టమగును. రామదాసు దేవునితో జగడమాడును, ఖర్చుల లెక్క చెప్పును, దెప్పును, మరల వేడుకొనును. మనకు నిందాస్తుతి అంత ప్రియమైనది మఱొకటి లేదు. చౌదరి ప్రసిద్ధ కీర్తనలలో ఆ జగడము కానరాదు. తప్పు అంతయు ఒకవైపుననే, అనగా తన వైపుననే పెట్టుకొనును. కావ్యదృష్టితో చూచిన ఇది నష్టమే. జగడమున ఉన్న చనువు, చమత్కారము పోయినవి. కాని ఆ నష్టమే ఇతడు పాత అచ్చులో పాట పోయలేదనుటకు గుర్తు. రామదాసుకు దేవుడు పాత చుట్టము. చౌదరికి ఆయన నడివయస్సు దగ్గఱపడుచుండగా ఎదురైన యజమాని. కొత్త యజమానితో ఎవడును పరాచికములాడడు. సంప్రదాయమిచ్చిన సరసమును వాడుకొనక వదలిన చోట కవి భయము నిజముగా తెలియుచున్నది.

ఇక్కడ ఒక మాటను గూర్చి విచారింపవలెను. హెబ్రీ గ్రంథములలో దేవునికి వెఱచుట అను భావము వచ్చు చోటులలో తెలుగు బైబిలు తఱచుగా ‘భయభక్తులు’ అను జంటపదము వాడును. తెలుగువాడు ఒంటి భయమును దేవునికి అర్పింపలేకపోయెను; దానికి భక్తిని తోడు చేసెను. పెద్దలయెడల, గురువులయెడల భయభక్తులు కలిగియుండుమని ఇండ్లలో చెప్పుమాట గనుక అది వేదమున కుదురుకొన్నది. ఈ జంట వలన లాభము కలదు, చిక్కును కలదు. లాభమేమన, దేవుని భయము దయ్యపు భయము వంటిది కాదని పసివానికి సైతము తెలియును. చిక్కేమన, గౌరవము ముందునకు వచ్చి వణకు వెనుకకు పోవును. పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టునని యోహాను పత్రికలో చెప్పబడిన భావము ‘భయభక్తులు’ అను మాట వాడినచో పొసగదు. భక్తిని ఎవ్వరు వెళ్లగొట్టుదురు? అందుచేత అక్కడ ఒంటి ‘భయము’ను నిలుపవలసివచ్చెను. చౌదరికి ఈ రెండును తెలియును. యౌవనమున భయభక్తులు లేకుండుటను గూర్చి పశ్చాత్తాపము ఒకటి. తీర్పునాటి భయము ఒకటి. మొదటిది గౌరవము తప్పినవాని సిగ్గు. రెండవది మునిగిపోవువాని కేక. ఆయన మంచి కీర్తనలలో పల్లవి కేకగా మొదలై, చరణములలో సిగ్గుగా మాఱి, చివర శరణాగతిగా అణగును. పాట నడుచుకొలది భయము భయభక్తిగా మాఱుచున్నదన్నమాట. ఈ నడకను బోధలో ఎంత చెప్పినను వినువానికి పట్టుబడదు, పాడినచో పట్టుబడును.

అయితే మూడవ భయము ఒకటి కలదు. 1833లో బాప్తిస్మము పొందిన బ్రాహ్మణుడు నరకమునకు మాత్రమే వెఱచి యుండడు. తల్లిదండ్రుల దుఃఖము, భార్య యెడబాటు, బంధువుల యిండ్ల తలుపులు మూతపడుట కన్నుల యెదుట నుండును. కులభ్రష్టునకు పిత్రార్జితమున హక్కు పోవుట నాటి ధర్మశాస్త్రము. కంపెనీవారు ఆ నష్టమును తొలగించుచు చట్టము చేసినది 1850లో, అనగా పదునేడేండ్లకు పిమ్మట. ఈ భయము మీద పాట యెక్కడ? దేవాలయములలో నిలిచిన కీర్తనలలో అది లేదు. కులమును గూర్చి చెప్పదలచినపుడు ఆయన ‘కులాచార పరీక్ష’ అను వాదగ్రంథము వ్రాసెను. గుండెలోని గాయము అక్కడ తర్కమైనది. పాటలోనికి వచ్చినది పాపము. గ్రంథములోనికి పోయినది కులము. ఒక్క మనుష్యుని ఒక్క యనుభవము ఇట్లు రెండుగా చీలిపోయినది. మెచ్చుకోలు వ్యాసములలో ఈ చీలిక కానరాదు గాని, ఆయనను అర్థము చేసికొనుటకు ఇదియే కీలకము.

ఈ చీలికను దోషమని వెంటనే నిందింపరాదు. కీర్తన సమాజము పాడవలసినది. అందలి ‘నేను’ అందఱు తొడుగుకొనదగిన చొక్కా వలె ఉండవలెను. తరువాతి చరిత్ర దీనిని రుజువు చేసినది. 1876–78 కఱవు పిమ్మట తెలుగు దేశమున క్రైస్తవులైనవారు వేలకొలది మాల మాదిగలు. 1878 జులై 3వ తేదిని ఒంగోలు మిషను ఆధ్వర్యమున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడు 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. కులము పోవునను భయము వారికి లేదు. కులము వారికిచ్చినది అవమానమే. వారి భయములు ఆకలి, కామందు. బ్రాహ్మణ యువకుడు పోగొట్టుకొన్న అగ్రహారపు దుఃఖమును పాటలో పెట్టియుండినచో ఆ పాట వారి నోట నిలిచియుండదు. పాపి అను ఒక్క మాట మాత్రమే బ్రాహ్మణుని, మాదిగను ఒక్క చాపమీద కూర్చుండబెట్టగలిగెను. ఇది చిన్న సంగతి కాదు. కాని ఈ యుపకారమునకు వెల కూడ కలదు. ఆకలిని, కామందును గూర్చిన భయమునకును ఆ పాటలలో చోటు దొరకలేదు. ఎవరి భయము వారు ఇంటనే విడిచి, అందఱికి ఉమ్మడియైన భయమును మాత్రము గుడిలో పాడిరి.

పొరుగు భాషలలో ఏమి జరిగెనో కొంచెము చూడదగును. తమిళమున వైష్ణవ కుటుంబమువాడైన కృష్ణపిళ్లై 1858లో క్రైస్తవుడై, 1894లో ‘రక్షణ్య యాత్రికము’ అను పెద్ద కావ్యమును ప్రకటించెను. అది ఇంగ్లీషు రూపకకథను అనుసరించినది గనుక అందును కవి బాట పాత్రల చాటునే సాగినది. మహారాష్ట్రమున నారాయణ వామన తిలక్ 1895లో బాప్తిస్మము పొంది అభంగములు పాడెను. ఆయనకు తుకారామెట్లో మన చౌదరికి రామదాసు అట్లు. కాని మరాఠీవారికి దక్కిన భాగ్యము వేఱొకటి. తిలక్ భార్య లక్ష్మీబాయి కొన్నేండ్లు భర్తకు దూరముగా నుండి, 1900లో తానును క్రైస్తవురాలై, 1930 తరువాత ‘స్మృతి చిత్రే’ అను పేర తన కథను వ్రాసెను. మడి పోవునను వెఱపు, ఎవరి చేతి నీళ్లు త్రాగవలెనను సంకటము, భర్తపై కోపము, నవ్వు, అన్నియు అందు ఉన్నవి. భర్త పాటలో పెట్టనిది భార్య వచనమున పెట్టినది. అటువంటి పుస్తకము చౌదరి యింట పుట్టియుండినచో తెలుగు వచనమునకు ఎంత మేలు కలిగియుండెడిది! అభంగమైనను కీర్తనయైనను విశ్వాసమును మోయగలిగెను గాని వంటయింటి భయమును మోయలేకపోయెను.

తెలుగులో ఆ కొఱత తీర్చినవాడు నూఱేండ్ల పిదప వచ్చిన జాషువ. ఆయన 1941 నాటి ‘గబ్బిలము’ కులపు గాయమును పద్యమున పెట్టి గబ్బిలము చేత శివునికి విన్నపము పంపినది. ఆ జాషువయే ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందెను. అయినను అది క్రీస్తు కథయే గాని తన విశ్వాసకథ కాదు. చౌదరి విడిచినదానిని జాషువ పట్టెను, జాషువ విడిచినది చౌదరి వద్ద నున్నది. ఇరువురిని కలిపి చదువు పాఠ్యక్రమము ఇంకను రావలసియున్నది.

నేటి యువకుల మాట ఇక్కడ అప్రస్తుతము కాదు. క్రైస్తవ కూటములలో ‘సాక్ష్యము’ చెప్పుమని లేపినపుడు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు చెప్పు మాటలు చాలవఱకు ఇతరుల మాటలే. చీకటిలో నుంటిని, వెలుగులోనికి వచ్చితిని, నా పాపభారము తొలగినది అనును. అతని అసలు భయము పరీక్ష కావచ్చును, ఉద్యోగము కావచ్చును, ప్రార్థించినను ఏమియు తోచుట లేదను బెంగ కావచ్చును. దానిని చెప్పుటకు మాటలు లేవు గనుక చెప్పడు. ఒడిశాలోని తెలుగు పిల్లల విషయమున ఇది రెట్టింపు. తెలుగు చదువ నేర్వక ఒడియా లిపిలో కీర్తనను వ్రాసికొని పాడువారికి త్రాహి, శరణు, నిర్లజ్జ అను మాటలు ధ్వనులు మాత్రమే. రాగమును బట్టి కన్నీరు వచ్చును. ఆ కన్నీరు అబద్ధము కాదు. అర్థము తెలిసి, ఈ మాటలు తనవో కావో తేల్చుకొనగల చదువు వచ్చిననాడు ఆ కుఱ్ఱవాడు చౌదరిని నిజముగా ఎదుర్కొనును. కొన్ని మాటలు తనవి కావని తోచినచో అదియు భక్తిలోపము కాదు. చౌదరి సైతము రామదాసు జగడమును తనది కాదని విడిచినవాడే.

ఈ విచారణకు అడ్డు వచ్చునది పాటల పుస్తకము కూర్పు. స్తుతి, క్రీస్తు జన్మము, శ్రమలు, పశ్చాత్తాపము అను విషయములను బట్టి కీర్తనలు చేర్పబడినవి గాని కాలమును బట్టి కాదు. ఆరాధనకు ఆ కూర్పు చాలును, విమర్శకు చాలదు. ముప్పది యేండ్లవాడు త్రాహి యనుట వేఱు, ఎనుబది యేండ్లవాడు త్రాహి యనుట వేఱు. మొదటివాడు ఇల్లు విడిచి కటకము దారి పట్టినవాడు. రెండవవాడు ఆ దారిలో ఏబదియేండ్లు నడిచి తన పాటను తన సంఘము నోట వినినవాడు. ఇరువురి కేకలును నేడు ఒక్క శీర్షిక క్రింద, ప్రక్క ప్రక్క పుటలలో అచ్చగుచున్నవి.