మెదడునకు పటమున్నదా? – ఒక గ్రంథ విమర్శ

డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో జన్యుశాస్త్రజ్ఞుడగు కెవిన్ మిచెల్ 2018లో ప్రకటించిన “ఇన్నేట్” అను ఆంగ్ల గ్రంథమును జీవశాస్త్రము బోధించువారు తప్పక చదువవలెను. అందులో చెప్పినదంతయు అంగీకరింపవలెనని మాత్రము నేననను.

జన్యువులను ఇంటి పటముతో పోల్చుట మనకు వాడుక. మన విద్యార్థులు పరీక్షలలోను అట్లే వ్రాయుదురు. కాని మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. ప్రోటీన్లకు మూలమైన జన్యువులో, సుమారు 20,000 మాత్రమే. ఏ కణము దేనితో కలియవలెనో విడివిడిగా వ్రాసిపెట్టుటకు ఇవి ఏమూలకు? జన్యువుల వలన కలుగు ప్రోటీన్లలో కొన్ని, గర్భస్థ పిండములో సాగుచున్న నాడీతంతువును దగ్గరకు పిలుచును. కొన్ని దూరముగ తరుమును. ఇట్టి చిన్న చిన్న ఆజ్ఞల వలననే మెదడు కూడుచున్నది.

ఒక్క ఆజ్ఞ తప్పినను ఏమగునో చూడుడు. రోబో-3 అను జన్యువు తంతువులు నడిమి గీతను దాటుటకు తోడ్పడును. తల్లినుండి వచ్చినదియు, తండ్రినుండి వచ్చినదియు రెండును చెడినచో, వెనుక మెదడులో దాటవలసిన తంతువులు దాటవు. ఆ బిడ్డ కన్నులను ప్రక్కలకు త్రిప్పలేడు, వెన్నెముకయు వంకరపోవును. ఈ సంబంధము 2004లో తెలిసినది.

గ్రంథములో నాకు మిక్కిలి నచ్చినది యాదృచ్ఛికతను గూర్చిన భాగము. బాల్బ్-సి అను జాతి ఎలుకలను తరతరములుగా అన్నాచెల్లెళ్లను జతకూర్చి పెంచినందున వాని జన్యువులు దాదాపు ఒక్కటే. అయినను కొన్నింటిలో మెదడు రెండు భాగములను కలుపు వంతెన నిండుగ నుండును, కొన్నింటిలో సన్నగిల్లును, కొన్నింటిలో అసలే యుండదు! మిచెల్ ఇట్టి భేదమునకు కేకు పోలిక తెచ్చిరి. మనకు అరిసెలు చాలును: ఒకే పిండి, ఒకే పాకము, ఒకే చేయి, రెండు వాయిలు ఒక్క తీరుగ రావు. కనుక పుట్టుకతో వచ్చినదంతయు తల్లిదండ్రులనుండి వచ్చినది కాదు. ఇంత ముఖ్యమైన విషయమును ఇంత తేటగా చెప్పిన గ్రంథములు తక్కువ.

నాకు పేచీ కవలల లెక్కలతో. వంశానుగత భాగమనునది ఒక జనసమూహములోని భేదములకు సంబంధించిన లెక్క, ఏ ఒక్క వ్యక్తికిని చెందినది కాదు. అందరికి తిండి, చదువు సమముగ దొరకినచోట మిగులు భేదము జన్యువుల పద్దులో పడును. అమెరికాలో ఎరిక్ టర్క్‌హైమర్ మొదలగువారు 2003లో ఏడేండ్ల కవలలను పరిశీలింపగా, బీద కుటుంబములలో బుద్ధిసూచికపై జన్యువుల పాలు దాదాపు సున్న. కలవారి యిండ్లలో ఇది తలక్రిందులు. ఇవి గ్రంథకర్త ఎరుగనివి కావు, కాని గ్రంథపు బరువు మరొక వైపున పడినది.

మన దేశమున చదువువారికి ఈ లోటు చిన్నది కాదు. గర్భము తొలి నెలలలో పిండము తల్లి థైరాయిడ్ రసముపైననే ఆధారపడును. తల్లికి అయోడిన్ మిక్కిలి కొరవడినచో, జన్యువులు ఎంత మంచివైనను బిడ్డ మెదడు దెబ్బతినును. భారత ప్రభుత్వము గళగండ నివారణ పథకమును 1962లోనే ఆరంభించినది; అక్కడ మార్చవలసి వచ్చినది ఉప్పును.