పత్రంలో రాసిందే అడిగాడు

కనికరం లేని వసూలుకు ఇంగ్లిషులో ఒక మాట ఉంది: ‘పౌండ్ ఆఫ్ ఫ్లెష్’. బాకీ కింద మనిషి ఒంట్లోంచి కోసి తీసుకునే అరకిలో మాంసం. ఇది 1600లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం ‘వెనిస్ వర్తకుడు’ నుంచి వాడుకలోకి వచ్చింది. స్నేహితుడి కోసం ఆంటోనియో మూడు నెలల గడువుతో మూడు వేల డ్యూకట్లు అప్పు తీసుకుంటాడు. గడువు దాటిపోతుంది. అప్పిచ్చిన షైలాక్ కోర్టుకెక్కి పత్రంలో రాసిందే, ఆ మాంసమే, అడుగుతాడు, అంతకు మించి ఒక్క కాసు కూడా అడగడు. ఈ మాటలోని భయమంతా అక్కడే ఉంది. మనం ‘ముక్కు పిండి వసూలు చేశారు’ అన్నప్పుడు పిండే చెయ్యి కనిపిస్తుంది. ఇక్కడ కోసేది సంతకం.

క్రీ.పూ. 450 ప్రాంతపు రోమన్ పన్నెండు పట్టికల చట్టం ఇంకా ఘోరం. బాకీదారుణ్ణి అప్పులవాళ్లు ముక్కలుగా పంచుకోవచ్చు, వాటాలో కాస్త ఎక్కువ తక్కువలు వచ్చినా తప్పు కాదు అంది. నాటకంలో వకీలు వేషంలో వచ్చిన పోర్షియా షైలాక్‌ను మొదట రక్తం చుక్క దగ్గర, తర్వాత ఆ ఎక్కువ తక్కువల దగ్గర పట్టుకుంటుంది.

నేను తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో వసూళ్ల ఉద్యోగం చేసినవాణ్ణి. అందుకే ఈ మాట నాకు వెనిస్ కంటే ధర్మపురినే ఎక్కువగా గుర్తు చేస్తుంది. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో ధర్మపురి ఉన్న బారామహల్ ప్రాంతం టిప్పు చేతిలోంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడిగా థామస్ మన్రో ధర్మపురిలో ఉండి, పొలం పొలం కొలిపించి శిస్తు లెక్క కట్టే పని నేర్చుకున్నాడు. రైత్వారీకి పునాది పడింది ఇక్కడే. 1800లో అదే పనిమీద దత్తమండలాలకు, అంటే మన రాయలసీమకు వెళ్లాడు. ఏడేళ్ల తర్వాత, 1807లో, శిస్తు నాలుగో వంతు తగ్గించాలని తానే రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో గవర్నరయ్యాక గానీ అది జరగలేదు. లెక్క కట్టినవాడే లెక్క బరువని ఒప్పుకోవడం నాకు గొప్పగా తోస్తుంది.

కానీ రైత్వారీలో ప్రతి రైతూ సర్కారుకు నేరుగా బాకీదారు. ఆ బాకీలు ఎలా రాబట్టారో 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ నివేదికలో ఉంది. కిట్టి అంటే ఒక కొసన కలిపి కట్టిన రెండు కర్రలు, మధ్యలో రైతు వేళ్లు పెట్టి నొక్కుతారు. ఎండలో నిలబెట్టడం, భోజనానికి పోనివ్వకపోవడం, పశువుల్ని మేతకు వదలకుండా ఇంట్లోనే బంధించడం కూడా అందులో ఉన్నాయి.

నా ఉద్యోగపు రోజుల్లో పాలక్కోడు వైపు ఒక తెలుగు ఇంటికి మా ఆఫీసు పెద్దాయనతో వసూలుకు వెళ్లాను. మమ్మల్ని చూడగానే ఆ ఇంటావిడ ఇత్తడి బిందె తెచ్చి గడపలో పెట్టింది. “అది లోపల పెట్టమ్మా. టమాటా కోత ఎప్పుడు పడుతుంది?” అన్నాడాయన. రెండో కోత తర్వాతి సంత రోజు రాసుకుని లేచాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్య అదే, రాబడి ఎప్పుడో అడిగి అప్పుడు వెళ్లడం.

ఆయనది మంచితనమే కాదు, చట్టం కూడా. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడనివేవో వరసగా చెబుతుంది: కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాడి పనిముట్లు, రైతు బతుకుతెరువుకు అవసరమైన పశువులు, విత్తనాలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటినుంచి తీయకూడని నగలు. మన చట్టాల్లో నాకు ఇంత ఇష్టమైనది మరొకటి లేదు.

అయినా సూక్ష్మరుణాల వేధింపులను ఆపడానికి 2010లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2025లో తమిళనాడూ బలవంతపు వసూళ్లమీద చట్టం చేసింది. వీటితో పాటు ఇంకొకటి జరగాలి. ధర్మపురి జిల్లాలో ఇచ్చే ప్రతి అప్పు పత్రం వెనక ఆ 60వ సెక్షన్ జాబితాను తమిళంలోనూ తెలుగులోనూ అచ్చు వేయాలి, సంతకం పెట్టించే ముందు చదివి వినిపించాలి.