ఆ రోజు ఏం రాశారు?

శ్రీనగర్ కాలనీలో ప్రాక్టీసు పెట్టే కుర్ర డాక్టర్లకు నేను మొదట చదవమనేది మన పంజాగుట్ట నిమ్స్ కేసు. 1990లో ఛాతీలో కణితి ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థికి అక్కడ ఆపరేషన్ చేశారు. కాళ్లు చచ్చుబడిపోయాయి. చక్రాల కుర్చీలోనే సుప్రీంకోర్టుకు వెళ్లి, తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో కోర్టు కోటి రూపాయల పరిహారం ఇమ్మంది. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి కణితిని తొలగించడానికి సరిపోదని, న్యూరోసర్జన్‌ను ముందే పిలవకపోవడం తప్పని తేల్చింది.

అది పరిహారం కేసు. కోఠిలోని మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళితే రిజిస్టర్‌లోంచి డాక్టరు పేరే పోవచ్చు. అయినా రెండుచోట్లా అడిగేది ఒకటే: రోగికి ఏం చెప్పారు, ఏం రాశారు?

కౌన్సిల్ నోటీసు పట్టుకుని వచ్చిన డాక్టర్లు "సార్, జవాబు ఏం రాయమంటారు?" అంటారు. "ఆ రోజు కేస్ షీట్‌లో ఏం రాశావు?" అని నేనడుగుతాను. అందులో ఉంటే జవాబు సగం సిద్ధమైనట్టే. లేకపోతే ఇప్పుడు చేర్చకూడదు. వైద్యంలో పొరపాటును కౌన్సిల్ అర్థం చేసుకోవచ్చు, దిద్దిన కాగితాన్ని క్షమించదు. గడువులోగా, కోపం లేకుండా, తేదీల వారీగా జవాబివ్వాలి. ఇండెమ్నిటీ పాలసీ ఉంటే బీమా కంపెనీకి వెంటనే తెలపాలి. లాయరును సంప్రదించాలి. ఫిర్యాదుదారుకు ఫోన్ చేసి బతిమాలడం, బెదిరించడం రెండూ వద్దు. నిర్ణయం వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు 60 రోజుల గడువుంది.

డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై ఉన్న 2002 నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును 3 ఏళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వడానికి తటపటాయిస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది.

నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ వాటి వెనక ఉన్న మాట ఒక్కటే: "మా అమ్మకు ఏమైందో ఎవరూ చెప్పలేదండీ." పరిస్థితి విషమించినప్పుడు డ్యూటీ డాక్టరును పంపి మనం తప్పుకుంటే, ఆ కుటుంబానికి మిగిలే దారి ఫిర్యాదే.

డాక్టర్లకు నా విన్నపం: చెడువార్త మీరే వెళ్లి, కూర్చుని, వాళ్ల భాషలో చెప్పండి. చెప్పిన మాటను టైముతో సహా అప్పుడే రాయండి. రోగుల బంధువులకు కూడా ఒక మాట: రికార్డు అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.